సంతానము కొరకైన దుఆ: జకరియ్యా ప్రార్థన, దర్గా మొక్కుబడి, మన సంఘముల బోధ – ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతము

మిరప పండించు ఒక గ్రామములోని సంఘ పెద్దలు కొంతకాలము క్రిందట మాకు ఒక ప్రశ్న పంపిరి. వారి సంఘములో ఒక సహోదరి ఉన్నది. వివాహమై పదకొండు సంవత్సరములు గడిచినను ఆమెకు సంతానము కలుగలేదు. పొరుగింటి దూదేకుల స్త్రీ వెంట ఆమె మొహర్రం దినములలో నెల్లూరు వెళ్లి, బారా షహీద్ దర్గాయొద్ద స్వర్ణాల చెరువులో దిగి, సంతాన రొట్టె పుచ్చుకొని వచ్చినది. ఈ సంగతి తెలిసిన పెద్దలు ఆమెను ప్రభువు బల్లనుండి ఎంతకాలము దూరముగా ఉంచవలెనని మమ్మును అడిగిరి. దూరముగా ఉంచవలెనా, వద్దా అని వారు అడుగలేదు. ఎంతకాలము అని మాత్రమే అడిగిరి.

మేము ఆమెను కలిసి మాటలాడితిమి. ఎందుకు వెళ్లితివమ్మా అని అడుగగా ఆమె చెప్పిన జవాబును ఆమె మాటలలోనే ఇచ్చుచున్నాము: "అయ్యగారూ, ఆడ నన్ను నువ్వేం పాపం చేశావని ఎవరూ అడగలేదండీ. రొట్టె చేతిలో పెట్టి, వచ్చే ఏడు నువ్వే తెచ్చి ఇయ్యాలమ్మా అన్నారు. అంతేనండీ."

ఈ వ్యాసము ఆ పెద్దలకు మేమిచ్చిన జవాబునుండి పెరిగినది. ఇందులో మూడు విషయములను పరిశీలించుచున్నాము. మొదటిది, సంతానము లేని దంపతులకు ఇస్లాము నేర్పు ప్రార్థన ఎట్టిది? రెండవది, దర్గాలలో జరుగునది ఆ ప్రార్థనయేనా? మూడవది, ఈ రెంటిని విమర్శించుటకు పూనుకొనిన మన సంఘములు అదే దంపతులకు ఏమి బోధించుచున్నవి? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పకుండ మొదటి రెండు ప్రశ్నలను అడుగుటకు మనకు హక్కు లేదని మా అభిప్రాయము.

2. మన ప్రాంతములోని పరిస్థితి

గుంటూరు, ప్రకాశం మైదానములలో సేవచేయు కాపరికి ఇస్లాము దూరపు మతము కాదు. 2022లో ఈ జిల్లాలు విభజింపబడి పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడినను పల్లెల జీవనము మారలేదు. ఈ పల్లెలలో నూర్ బాషాలని కూడ పిలువబడు దూదేకులవారు ఉన్నారు. దూదిని ఏకి శుభ్రపరచు వృత్తినుండియే వారికి ఆ పేరు వచ్చినది. పత్తి పండు నేలలో వారి పని అందరికి అవసరమైయుండెను. వారు ఇంట మాటలాడునది తెలుగే. దుఃఖము కలిగినప్పుడు దేవునితో చెప్పుకొనునదియు తెలుగులోనే. అరబీ దుఆలను నమాజులో పలుకుదురు గాని, కడుపులోని బాధ తెలుగులోనే బయటికి వచ్చును.

గుంటూరు పట్టణములో కాలే మస్తాన్ వలీ దర్గా ఉన్నది. పెదకాకానిలో బాజీ బాబా దర్గా ఉన్నది. ప్రకాశం దాటి దక్షిణమునకు పోయినయెడల నెల్లూరు బారా షహీద్, కసుమూరు మస్తాన్ వలీ, అనుమసముద్రంపేట దర్గాలు వచ్చును. వీటియొద్దకు వచ్చువారిలో ముస్లిములు కానివారు అనేకులు. మన ఊళ్లలోని పేర్లే ఇందుకు సాక్ష్యము. మస్తాను, మస్తానమ్మ, మస్తాన్ రావు, బాజీ, సైదులు, సైదమ్మ, నాగులమీర అను పేర్లు ముస్లిములు కాని ఇండ్లలోను వినబడును. ఒక తల్లి ఎవరియొద్ద మొక్కుకొనెనో ఆ పేరే బిడ్డకు పెట్టెను. ఆ బిడ్డలలో కొందరు తరువాత మన సంఘములలో బాప్తిస్మము పొందిరి. మస్తానమ్మ అను పేరు గల విశ్వాసిని ఎరుగని కాపరి ఈ ప్రాంతములో అరుదు. ఆ పేరు వెనుక ఒక గొడ్రాలి కన్నీరు ఉన్నదని మాత్రము మనము తలంచము.

నెల్లూరు రొట్టెల పండుగను గూర్చి ఒక మాట చెప్పవలెను. అక్కడ కోరిక ఉన్నవారు, కోరిక తీరినవారు ఒకే చెరువులో నిలువబడుదురు. సంతానము కోరిన స్త్రీ, క్రిందటి యేడు కోరి బిడ్డను పొందిన మరియొక స్త్రీ చేతినుండి రొట్టె పుచ్చుకొనును. తన కోరిక తీరిన తరువాత ఆమె తిరిగి వచ్చి అట్టి రొట్టెనే ఇంకొకరికి ఇయ్యవలెను. వివాహము, ఉద్యోగము, చదువు, ఆరోగ్యము, ఇల్లు మొదలైన వాటి కొరకును వేరువేరు రొట్టెలున్నవి. వేదాంత దృష్టితో దీనిని ఎట్లు తూచినను, ఇందులో ఒక సంగతి మనకు కనబడవలెను. సంతానము లేని స్త్రీకి అక్కడ ఎదురుపడునది ఉపదేశకుడు కాదు. తనవలె ఏడ్చి, ఆ యేడుపునుండి బయటపడిన మరియొక స్త్రీ.

3. ఖురానులోని సంతాన ప్రార్థనలు

ఇస్లాములో నమాజు వేరు, దుఆ వేరు. నమాజు నియమిత వేళలలో, నియమిత రీతిలో చేయు ఆరాధన. దుఆ అనగా మనవి, మొర. దానిని ఏ భాషలోనైనను ఏ వేళనైనను చేయవచ్చును. అయినను రాత్రి చివరి భాగమున, సజ్దాలో నుదురు నేలకు ఆనించియున్నప్పుడు, అజాన్‌కు ఇఖామత్‌కు మధ్య చేయు దుఆ విశేషముగా అంగీకరింపబడునని సంప్రదాయము చెప్పును. సంతానము కోరు దంపతులకు పెద్దలు సాధారణముగా నేర్పునవి ఖురానులోని ప్రవక్తల దుఆలే. వాటిలో ముఖ్యమైనవి ఇబ్రాహీము సద్వర్తనుడైన బిడ్డను అడిగిన దుఆ (37:100), భార్యాబిడ్డలను కంటి చలువగా దయచేయుమను విశ్వాసుల దుఆ (25:74), అన్నిటికంటె ఎక్కువగా జకరియ్యా దుఆ.

జకరియ్యా ప్రార్థన ఖురానులో మూడుచోట్ల కనబడును. ఈ మూటిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినప్పుడే దాని లోతు తెలియును.

ఆలి ఇమ్రాన్ సూరాలో (3:37-41) జకరియ్యా ప్రార్థనకు కారణము ఒక చిన్నపిల్ల. అతని సంరక్షణలో ఉన్న మర్యమ్‌యొద్దకు అతడు వెళ్లినప్పుడెల్ల అక్కడ ఆహారము కనబడెను. ఇది ఎక్కడిదని అడుగగా దేవునియొద్దనుండి వచ్చినదని ఆమె చెప్పెను. అక్కడికక్కడే అతడు మంచి సంతానము కొరకు మొరపెట్టెను. ముసలివాడైన యాజకునికి ప్రార్థించు ధైర్యము వేరొకరి బిడ్డను పెంచుటలో కలిగెను. ఈ వరుసను వ్రాతలోనుండి తీసివేసి దుఆ మాటలను మాత్రమే వల్లించినయెడల సగము అర్థము పోవును.

మర్యమ్ సూరాలో (19:2-11) జకరియ్యా ఎవరికి వినబడని రహస్యపు పిలుపుతో దేవుని పిలిచెను. ఎముకలు బలహీనమాయెనని, తల నెరసెనని, భార్య గొడ్రాలని చెప్పుకొనెను. అయినను నిన్ను పిలిచి నేనెన్నడును నిరాశపడలేదని ఒప్పుకొనెను. తనకును యాకోబు ఇంటివారికిని వారసుడు కావలెనని అడిగెను. ఇక్కడ కోరిక మాత్రమే కాదు, దేవునితో పాత పరిచయమును జ్ఞాపకము చేయుట ఉన్నది.

మూడవది అంబియా సూరాలో (21:89-90) ఉన్నది. ఇది చాల చిన్నది. నన్ను ఒంటరిగా విడువవద్దని జకరియ్యా అడుగును. వెంటనే, వారసులందరిలో శ్రేష్ఠమైన వారసుడవు నీవే అని ఒప్పుకొనును. ఈ వాక్యమును మన పాఠకులు ఆగి ఆలోచింపవలెనని కోరుచున్నాము. వారసుని అడుగుచున్న నోటితోనే అతడు, బిడ్డ పుట్టినను పుట్టకున్నను చివరికి సమస్తము నీ చేతిలోనికే వచ్చును అని చెప్పుచున్నాడు. అడుగుట, విడిచిపెట్టుట రెండును ఒకే ప్రార్థనలో ఇమిడియున్నవి. పొలమునకు, ఇంటికి, తలకొరివికి వారసుడు కావలెనని ఒత్తిడిచేయు మన గ్రామ సమాజములో ఇది సామాన్యమైన ప్రార్థన కాదు.

ఇమ్రాను భార్య కథయు గమనింపదగినది (3:35-37). గర్భములోని బిడ్డను ఆమె దేవునికి మొక్కుకొనెను. పుట్టినది ఆడపిల్ల. ఆడపిల్ల పుట్టెనే అని ఆమె చెప్పుకొనెను గాని, దేవుడు ఆ బిడ్డను మంచి అంగీకారముతో అంగీకరించెను. ముస్లిము వ్యాఖ్యాతలు ఆమెకు హన్నా అను పేరు చెప్పుదురు. ఆ పేరు వినగానే మనకు సమూయేలు తల్లి జ్ఞాపకము వచ్చును.

చివరిగా, షూరా సూరాలోని ఒక వాక్యము (42:49-50) మన చర్చకు కీలకము. దేవుడు తన ఇష్టప్రకారము కొందరికి ఆడపిల్లలను, కొందరికి మగపిల్లలను, కొందరికి ఇరువురిని ఇచ్చును. కొందరిని సంతానము లేనివారినిగా ఉంచును. ఆడపిల్లల మాట మొదట చెప్పబడినది. సంతానము లేకుండుట చివర చెప్పబడినది. దానిని శిక్షయని గాని శాపమని గాని ఆ వాక్యము పిలువదు. ఆ నాలుగును ఒకే చేతినుండి వచ్చునవే.

ఇస్లాములో వేరొక ధోరణియు ఉన్నదని న్యాయముగా చెప్పవలెను. నూహ్ సూరాలో (71:10-12) క్షమాపణ వేడుకొనినయెడల దేవుడు వర్షమును, ధనమును, సంతానమును ఇచ్చునని నూహు తన జనులతో చెప్పెను. కరవని, పేదరికమని, సంతానలేమియని వేరువేరు బాధలతో వచ్చిన వారందరికిని హసన్ బస్రీ క్షమాపణ వేడుకొనుటయే ఔషధముగా చెప్పెనని సంప్రదాయము. దీనిని జాగ్రత్తలేకుండ చెప్పినయెడల, సంతానము లేదు గనుక పాపమున్నది అను నింద పుట్టును. ఆ నిందను వేయు నోళ్లు ముస్లిము సమాజములోను ఉన్నవి. అయితే ప్రవక్త భార్యయైన ఆయిషాకు సంతానము కలుగలేదు. ఆమె తన అక్క కుమారుడైన అబ్దుల్లాను బట్టి అబ్దుల్లా తల్లి అని పిలువబడెను. ముహమ్మదు కుమారులు పసితనములోనే చనిపోగా, వంశము తెగినవాడని శత్రువులు ఎగతాళి చేసిరనియు, కౌసర్ సూరా (108) ఆ ఎగతాళికి జవాబనియు వ్యాఖ్యాతలు చెప్పుదురు. కుమారులు మిగులని ప్రవక్తను, బిడ్డలు లేని ఆయిషాను ఇంతగా గౌరవించు సమాజమునకు, గొడ్రాలిని హీనపరచుటకు తన గ్రంథములో ఆధారము దొరకుట కష్టము.

4. దర్గా మొక్కుబడి: ముస్లిముల మధ్యనున్న వాదము

ఖురానులోని ఈ ప్రార్థనలలో మధ్యవర్తి లేడు. జకరియ్యా నేరుగా అడుగును. అట్లయితే దర్గాయొద్ద వలీని అడుగుట ఏమి? ఈ ప్రశ్నను మొదట వేసినవారు క్రైస్తవులు కారు. ముస్లిములే. బరేల్వీ సంప్రదాయమువారు, ఇచ్చువాడు దేవుడే గాని వలీ వసీలా, అనగా సాధనము, అని చెప్పుదురు. దేవబందీలు, అహ్లె హదీసువారు, జమాఅతె ఇస్లామీవారు సమాధిలో ఉన్నవానిని కోరిక అడుగుట దేవునికి సాటి కల్పించుటయేనని చెప్పుదురు. దేవుడు సమీపముగా ఉన్నాడు, పిలిచినవానికి జవాబిచ్చును అను వాక్యమును (2:186) వీరు ఎత్తి చూపుదురు. ఆయనను చేరుటకు వసీలాను వెదకుడి అను వాక్యమును (5:35) వారు ఎత్తి చూపుదురు.

మన ప్రసంగీకులు చేయు పొరపాటు ఇక్కడ ఉన్నది. దర్గాలను ఖండించునప్పుడు మనము తెలియకయే ముస్లిము సంస్కర్తల కర్రను అరువు తెచ్చుకొనుచున్నాము. సమాధులను మ్రొక్కువారు, తాయెత్తులు కట్టుకొనువారు అని పల్లెలోని దూదేకుల స్త్రీని నిందించుచున్నాము. అదే నోటితో ఇస్లాము అంతయు ఇదియేనని చెప్పుచున్నాము. ఒక మతము తన గ్రంథములో నేర్పునది వేరు, దాని ప్రజలు కష్టములో చేయునది వేరు. ఈ భేదమును మన విషయములో మనము బాగుగా ఎరుగుదుము. పొరుగువారి విషయములో మరచిపోవుదుము.

మన విషయము చూడుడి. ప్రార్థించిన నూనె సీసాలు, దిండు క్రింద పెట్టుకొను చేతిరుమాళ్లు, సంతానము కలిగినయెడల ఇంత కానుక అను మొక్కుబడులు, ఫలాని దైవజనుడు చేయివేసినయెడల గర్భము నిలుచునను మాట – ఇవి మన ప్రొటెస్టెంటు కూటములలో లేవని ఎవరైన చెప్పగలరా? దర్గాలో ముజావరు నెమలి ఈకల కట్టతో తట్టుటకును, వేదికమీద సేవకుడు చేతిరుమాలు విసరుటకును మధ్య, సంతానము లేని స్త్రీ కన్నులకు గొప్ప భేదము కనబడదు. ఆమె రెండుచోట్లకును ఒకే ఆశతో వెళ్లుచున్నది.

5. జకరియ్యా, జెకర్యా, హన్నా

లూకా సువార్తలోని జెకర్యాను (1:5-25, 57-66) ఖురానులోని జకరియ్యా ప్రక్కన ఉంచినయెడల కొన్ని నిజమైన భేదములు కనబడును. వాటిని దాచవలసిన పని లేదు, పెంచవలసిన పనియు లేదు.

మొదటిది, మౌనము. లూకాలో జెకర్యా నమ్మనందున మూగవాడాయెను. ఖురానులో అతడు అడిగిన గురుతుగానే మూడు రాత్రులు మాటలాడకుండెను. అందులో శిక్ష లేదు. రెండవది, ప్రార్థన మాటలు. ఖురాను వాటిని చెప్పును. లూకా చెప్పడు. నీ ప్రార్థన వినబడెనని దూత చెప్పుటనుబట్టియే అతడు ప్రార్థించెనని మనకు తెలియును. మూడవది, భార్య. ఖురానులో జకరియ్యా భార్యకు పేరును మాటయు లేవు. లూకాలో ఎలీసబెతుకు పేరున్నది. ఆమె మాటలాడును, మరియను దీవించును, బంధువులందరు వద్దన్నను బిడ్డకు యోహాను అను పేరు నిలుపును. నాలుగవది, బిడ్డ దేనికొరకు? ఖురానులో యహ్యా ఇంటి వారసుడును ప్రవక్తయు. లూకాలో యోహాను తండ్రి ఇంటిని నిలుపుటకు రాలేదు. అరణ్యమునకు వెళ్లి, ప్రభువు మార్గమును సిద్ధపరచి, చెరసాలలో తల నరకబడెను (మార్కు 6). వృద్ధాప్యములో పుట్టిన ఆ ఒక్క కుమారుడు తల్లిదండ్రులకు ఆసరా కాలేదు. వారసుని కొరకు సువార్తను చదువువారు ఈ చోట ఆగవలెను.

అయితే ఒక విషయములో రెండు గ్రంథములును ఏకముగా సాక్ష్యమిచ్చుచున్నవి. లూకా, ఎలీసబెతు గొడ్రాలని చెప్పుటకు ముందే ఆ దంపతులిద్దరు దేవుని దృష్టికి నీతిమంతులని, నిరపరాధులని చెప్పును (1:6-7). వరుస ముఖ్యము. నీతి మొదట, సంతానలేమి తరువాత, రెంటికిని మధ్య కారణ సంబంధము లేదు. ఖురానులోను జకరియ్యా ఇంటివారు మేలు చేయుటలో త్వరపడువారని సాక్ష్యము పొందిరి.

హన్నా కథ (1 సమూయేలు 1) కాపరులకు ప్రత్యేకమైన హెచ్చరిక. ఆమె పెదవులు కదలెను గాని స్వరము వినబడలేదు. జకరియ్యా రహస్యపు పిలుపువంటిదే ఇదియు. ఆ ప్రార్థనను చూచి, అపార్థము చేసికొనినవాడు ఎవడు? పొరుగువాడు కాదు, అన్యుడు కాదు. మందిరపు ద్వారమునొద్ద కూర్చున్న యాజకుడైన ఏలీ. ఆమె మత్తురాలైనదని అతడు తలంచెను. తప్పు తెలిసికొనిన తరువాత అతడు ఆమెను పరీక్షింపలేదు, సమాధానముగా పొమ్మనెను. ఇంకొక సంగతి: హన్నా ముఖము మారినది సమూయేలు పుట్టిన తరువాత కాదు. ఆమె గర్భవతి కాకమునుపే, ఏలీ మాట విని భోజనము చేసినప్పుడే, ఆమె దుఃఖముఖి కాకపోయెను (1:18). ప్రార్థన ఫలము బిడ్డ రాకమునుపే వచ్చెను.

6. మన బోధపై విమర్శ

ఇప్పుడు మన ఇంటికి వత్తము. మన సంఘములలో సంతానము లేనివారిని గూర్చి తరచుగా వాడబడు వాక్యములు రెండు. నీ దేశములో గొడ్రాలు ఉండదను నిర్గమకాండము 23:26, జనములన్నిటికంటె ఎక్కువగా ఆశీర్వదింపబడుదువను ద్వితీయోపదేశకాండము 7:14. ఇవి ఇశ్రాయేలు జనాంగమునకు నిబంధన దేశమును గూర్చి చెప్పబడిన మాటలు. వీటిని తెచ్చి ఒక స్త్రీ నెత్తిన పెట్టి, వాగ్దానము ఉన్నది గనుక నెరవేరవలెను, నెరవేరలేదు గనుక నీలో లోపమున్నది అని చెప్పుట వాక్యమును వక్రించుటయే. మేమును పూర్వము ఇట్లు ప్రసంగించితిమి. వినువారిలో సంతానము లేనివారు ఎందరున్నారో లెక్కించుకొనలేదు. ఒప్పుకొనవలసిన సంగతి గనుక ఒప్పుకొనుచున్నాము.

ఈ బోధ ఫలితము మన పల్లెలలో కనబడుచున్నది. సీమంతమునకు ఆమెను పిలువరు. సాక్ష్యపు కూటములో బిడ్డను పొందిన తల్లి లేచి విశ్వసించితిని గనుక దేవుడు ఇచ్చెనని చెప్పును. వెనుక వరుసలో ఉన్న సహోదరి, అయితే నేను విశ్వసింపలేదా అని తనను తాను అడుగుకొనును. ఆ ప్రశ్నకు వేదికనుండి జవాబు రాదు.

వైద్యశాస్త్రము చెప్పునది వేరుగా ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రచురించిన నివేదిక ప్రకారము ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొనుచున్నారు. కారణము అనేక జంటలలో పురుషునియందు, లేదా ఇరువురియందును ఉండును. పత్తి చేలలో పురుగుమందు చల్లు పురుషుల కుటుంబములను గూర్చి మన దేశములో జరిగి 1991లో ప్రచురింపబడిన పరిశోధన ఒకటి, వారిలో సంతానశక్తి తగ్గుటను, గర్భస్రావములు పెరుగుటను గుర్తించెను. పత్తికి, మిరపకు ఎడతెగక మందుకొట్టు ప్రాంతములో సేవచేయు మనము ఈ మాటను పెడచెవిని పెట్టరాదు. మందు చల్లినది భర్త, పరీక్షకు వెళ్లనిదియు భర్తయే, గొడ్రాలని పిలువబడినది మాత్రము భార్య. వాక్యము చదివి ఆమెను ఒప్పుకొమ్మని అడుగుటకు ముందు, భర్తను ఆసుపత్రికి పంపుట కాపరి పని.

వైద్యమును గూర్చి ముస్లిము పండితులు మనకంటె ముందుగానే స్పష్టత తెచ్చుకొనిరి. మొదటి పరీక్షనాళిక శిశువు 1978లో ఇంగ్లాండులో పుట్టెను. 1980లోనే కైరోలోని అల్ అజ్హర్, భార్యాభర్తల మధ్య మాత్రమే జరుగు ఈ చికిత్స ధర్మసమ్మతమేనని, మూడవవారి బీజము కూడదని తీర్పు చెప్పెను. ఆ తీర్పుతో ఏకీభవించుటయా లేదా అనునది వేరు. దంపతులు అడిగినప్పుడు చెప్పుటకు వారికి ఒక జవాబున్నది. మన సంఘములలో ఎన్నింటికి ఉన్నది?

2019 సెప్టెంబరులో గుంటూరులోని ఒక ఆసుపత్రిలో డెబ్బది యేండ్లు దాటిన స్త్రీ పరీక్షనాళిక పద్ధతిలో కవలలకు జన్మనిచ్చినది. వివాహమై అర్ధశతాబ్దము గడిచినను ఆ కోరిక చల్లారలేదు. దేశమంతయు దానిని వింతగా చెప్పుకొనెను. 2021లో వచ్చిన చట్టము ఈ చికిత్సకు స్త్రీకి యాబది, పురుషునికి యాబదియైదు యేండ్ల పరిమితి పెట్టెను. మాకు తోచినది వేరు. ఒక స్త్రీ యాబది సంవత్సరములకు పైగా ఈ నిందను మోయునట్లు చేసినది ఎవరు? దానిలో మతబోధకుల పాలు ఎంత?

దత్తతను గూర్చియు మన బోధ బీదది. ఇస్లాము అనాథను పెంచుటను గొప్ప పుణ్యముగా ఎంచును గాని, పెంచిన బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలువవలెనని చెప్పును (33:4-5). మనకు అట్టి ఆటంకము లేదు. దత్తపుత్రాత్మ అను మాటతో పౌలు రక్షణనే వివరించెను (రోమా 8:15). చట్టము విషయములో మాత్రము క్రైస్తవులు ముస్లిములతో సమానముగా ఉండిరి. 1956 నాటి దత్తత చట్టము హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకే వర్తించెను. మనకు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకత్వము మాత్రమే ఉండెను. బాలల న్యాయ చట్టము క్రింద ఏ మతమువారైనను దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. ఈ సంగతి ఎరుగని కాపరులు ఇంకను ఉన్నారు. ఎరిగిన కొందరు, ఏ కులపు బిడ్డయో అను పెద్దల గొణుగుడుకు వెరచి చెప్పకున్నారు.

7. ముగింపు: పెద్దలకు మేమిచ్చిన జవాబు

పెద్దలకు మేము చెప్పిన మాటలను క్లుప్తముగా ఇచ్చుచున్నాము.

దర్గాయొద్ద మొక్కుబడి విశ్వాసికి తగినదని మేము చెప్పము. దేవునికిని నరులకును మధ్యవర్తి ఒక్కడే (1 తిమోతి 2:5). ఆయన మనకొరకు విజ్ఞాపన చేయుటకు నిరంతరము జీవించుచున్నాడు (హెబ్రీ 7:25). జీవించుచున్న ప్రధానయాజకుడు ఉండగా సమాధియొద్ద అడుగవలసిన పని లేదు. ఈ మాటను ఆ సహోదరికి కూడ చెప్పితిమి. ఆమె ఒప్పుకొనెను.

అయితే ఆమెను బల్లనుండి దూరముగా ఉంచుటకు మేము సమ్మతింపలేదు. ఆమెను చెరువునొద్దకు పంపినది పొరుగింటి స్త్రీ కాదు, మన వేదికనుండి వచ్చిన బోధ. మొదట సరిచేయవలసినది ఆ బోధను. సంఘము ఆమెకు ఇయ్యనిదానిని వేరొకరు ఇచ్చిరి: నింద లేని ఒక మాట, ఆమె బాధను ఎరిగిన ఒక చెయ్యి. ఆ చెయ్యి మన సంఘములో లేనప్పుడు, బల్లను మూయుటవలన అది పుట్టదు. సంతానము లేని నపుంసకునికి కుమారులకంటెను కుమార్తెలకంటెను శ్రేష్ఠమైన పేరును తన ఇంటిలో ఇచ్చెదనని దేవుడు యెషయాచేత చెప్పించెను (56:3-5). ఆ ఇల్లు మన సంఘమేనా అని ప్రతి సంఘము ప్రశ్నించుకొనవలెను.

విద్యార్థులకు ఒక మనవి. జకరియ్యా దుఆను ఖండించుటకు కాదు, ఒకసారి నిదానముగా చదువుడి. ఒంటరిగా విడువవద్దని అడిగి, శ్రేష్ఠమైన వారసుడవు నీవేయని ఒప్పుకొను ఆ ప్రార్థనను మన విశ్వాసులలో ఎందరు చేయగలరో ఆలోచించుడి. సంతానము ఇమ్మని ప్రార్థించుట మన సంఘములకు తెలియును. ఇయ్యబడనివారితో కలిసి ప్రార్థించుట ఇంకను నేర్చుకొనవలసియున్నది.

ఆ సహోదరికి ఇంతవరకు సంతానము కలుగలేదు. రొట్టెను తిరిగి ఇయ్యవలసిన యేడు వచ్చి వెళ్లినది. ఆ ఆదివారము ఆమె బల్లయొద్దకు వచ్చినది. పెద్దలలో ఒకరు ముఖము త్రిప్పుకొనిరి. మిగిలినవారు చోటిచ్చిరి.